సిమ్మాద్రి పలకలేదు

ఆ పళ్ళెం మాది. ఇప్పుడు దానికి పసుపు రాసి, మూడు చోట్ల కుంకం బొట్లు పెట్టి, కొండమ్మ తల్లి గుడి గోడకి మేకు కొట్టి వేలాడదీశారు గాని, అది మా మామ్మ ఉలవలు ఏరుకునే కంచుపళ్ళెం. ఒక పక్క అంచు లోపలికి నొక్కుకుపోయి, ఒళ్ళంతా సొట్టలు పడి ఉంటుంది. ఆ సొట్టల్లో చాలా మటుకు నా చేతి దెబ్బలే. పోయిన నెలలో నాన్న పుస్తకాలు ఊరి బడికి ఇచ్చేద్దామని వెళ్ళి, గుడి ముందు నించుని దానికేసి చూస్తూంటే, పక్కనున్న ఒకావిడ నా మోచెయ్యి పట్టుకుంది. "దణ్ణం ఎట్టుకోండమ్మా. బలే సత్తెం గల పళ్ళెం. అడివిలో తప్పిపోయిన గుంటడిని అమ్మ ఈ పళ్ళెం సప్పుడికే తిరిగి ఇచ్చినాది" అంది. ఇలాంటి మాటలకి జవాబు రాయడమే పనిగా యాభై ఏళ్ళు బతికినదాన్ని నేను. విభూది రాల్చే స్వాముల మీద, నీళ్ళలో దీపాలు వెలిగించే మాయల మీద, జాతకాలు చూసి పెళ్ళిళ్ళు చెడగొట్టే చదువుకున్న వెధవల మీద రాశాను. ఒక సభలో నా మీదికి ఎవరో ఒక కాలి చెప్పు విసిరితే, రెండోది కూడా విసరమని, జత అయితే పనికొస్తుందని మైకులో అడిగాను. అలాంటిదాన్ని, ఆవిడకి మాత్రం ఒక్క మాట చెప్పలేకపోయాను. ఆ పళ్ళెం చప్పుడు ఆగినందుకే పిల్లాడు దొరికాడని చెప్పాలి. చెప్తే, ఆ చప్పుడికి వాడు ఎందుకు భయపడ్డాడో కూడా చెప్పాలి.

మా ఊరు నరసన్నపేటలో బస్సు దిగి కొండల వైపు రెండు గంటలు నడిస్తే వస్తుంది. ఊరి వెనక జీడిమామిడి తోటలు, తోటల వెనక అడవి, అడవి మీద కొండ. అమ్మ నా చిన్నతనంలోనే పోయింది. అందుకని ఇల్లు మామ్మది, వరండా నాన్నది, నేను రెండింటి మధ్యా తిరిగేదాన్ని. ఆ ఇంటి వాసనలు ఇప్పటికీ విడివిడిగా చెప్పగలను. తెల్లవారితే మామ్మ చుట్ట. మా వైపు ముసలమ్మలు చుట్ట నిప్పున్న కొసని నోట్లోకి పెట్టుకుని అడ్డపొగ తాగేవారు. మామ్మ ఆ నిప్పు నోట్లో ఉండగానే వాకిట్లో కళ్ళాపి జల్లేది, ఆవుని అదిలించేది, నన్ను తిట్టేది. ఒక్క రవ్వ బయటికి రాలేది కాదు, ఒక్క తిట్టు తప్పేది కాదు. ఆ తరవాత చోడంబలి ఉడుకుతున్న వాసన. సంత రోజున కళింగపట్నం నుంచి వచ్చిన ఉప్పుచేపల వాసన ఇల్లంతా పరుచుకుని రెండు రోజులు కదిలేది కాదు. నాన్న గదిలో సిరా, పాత పత్రికలు, నాఫ్తలీన్ ఉండలు. ఆ గది గుమ్మం దాటితే మామ్మ చుట్ట వాసన కూడా లోపలికి రావడానికి జంకేదనిపించేది.

నాన్న ఊరి బడికి హెడ్మాస్టరు. ఊరంతా మేస్టారనేది. ఆదివారం సాయంత్రం బడి వరండాలో చర్చ పెట్టేవారు. ఒక పక్క ఒప్పుకునేవాళ్ళు, ఒక పక్క కాదనేవాళ్ళు, మధ్యన బల్ల మీద బడి గంట. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు. దేవుడున్నాడా, ఆడపిల్లకి ఇంగ్లీషు చదువు కావాలా, చచ్చినవాళ్ళకి పిండాలు ముడతాయా. నియమం ఒకటే: ఋజువు లేని మాట అనకూడదు. అన్నవాళ్ళకి ఐదు నిమిషాలు కాకుండానే గంట మోగేది. ఆడపిల్లని నేనొక్కదాన్నే. పదహారో ఏట "దెయ్యాలు లేవు" అన్న పక్షాన నించుని కరణంగారి తమ్ముణ్ణి ఓడించాను. దెయ్యాన్ని కళ్ళారా చూశానన్నాడాయన. అది ఏ రంగు చీర కట్టుకుందని అడిగాను. తెల్లచీరన్నాడు. చచ్చిన మనిషికి దెయ్యం వస్తే, చచ్చిన చీరకి కూడా వస్తుందా అన్నాను. వరండా అంతా నవ్వింది. నాన్న మెచ్చుకోలేదు, మెచ్చుకునే అలవాటు లేదాయనకి. కాని మర్నాడు పొద్దున్న బెల్లం కాఫీ తన గ్లాసు కంటే ముందు నా గ్లాసులో పోశారు. ఆ కాఫీ కోసం నేను ఏ అబద్ధాన్నైనా చీల్చి చెండాడతాననుకున్నాను.

మా గోడకి అవతల నరసమ్మ ఇల్లు. ముగ్గురు పిల్లలు పురిట్లోనూ జ్వరాల్లోనూ పోయాక దక్కినవాడు సింహాద్రి. ఊరందరికీ సిమ్మాద్రి. అప్పటికి ఐదేళ్ళు. వాడి లాగుకి బొత్తాం ఎప్పుడూ ఉండేది కాదు. అందుకని ఒక చెయ్యి ఎప్పుడూ లాగుని పట్టుకునే ఉండేది. తిండి, ఆట, ఏడుపు, అన్నీ రెండో చేత్తోనే. మా వైపు అక్కని అప్ప అంటారు. వాడికి నేను "ఇమలప్ప"ని. నేను కంచం ముందు కూర్చుంటే వచ్చి ఎదురుగా కూర్చునేవాడు. పెట్టమని అడిగేవాడు కాదు, పెట్టేదాకా లేచేవాడూ కాదు.

ఆ వేసవి చివర ఊళ్ళో వాంతులు, విరోచనాలు పట్టుకున్నాయి. నలుగురు పోయారు. నాన్న నూతుల్లో మందు కలిపించారు, నీళ్ళు కాచుకోమని ఇల్లిల్లూ తిరిగి చెప్పారు. ఊరు ఆయన మాట విని నీళ్ళు కాచుకుంది, అమ్మవారికి అనుపు కూడా చేసింది. అనుపంటే సాగనంపడం. పొద్దు గూకే వేళకి మగవాళ్ళు దివిటీలు పట్టుకుని, డప్పులు, డబ్బాలు, కంచుపళ్ళేలు బాదుతూ, కేకలు పెడుతూ, వీధి వీధీ తిరిగి, రోగాన్ని తెచ్చిన అమ్మని పొలిమేర దాటించి అడవి మొదట్లో వదిలి వస్తారు. ఆ చప్పుడు ఊళ్ళో ఉన్నంతసేపూ పిల్లలు బయటికి రాకూడదు. వెళ్ళిపోయే అమ్మ కంటికి ఎవరు ముద్దొస్తే వాళ్ళని వెంట తీసుకుపోతుందని నమ్మకం. మా ఇంటికి లోపల గడియ ఉన్న తలుపు ఉండేది కనక వీధిలో పిల్లల్ని ఆరుగురిని తెచ్చి మా గాదె గదిలో పెట్టారు. నాన్న ఈ గోలకి నిరసనగా వరండాలో లాంతరు పెట్టుకుని పుస్తకం చదువుతున్నారు. మామ్మ నాతో "బయటకి రానీకు, సాలు" అని చెప్పి వీధిలోకి పోయింది.

పిల్లలు నిలబడితేనా. ఒకడు కిటికీ ఎక్కుతున్నాడు, ఒకతె గడియ లాగుతోంది. నేను చదువుతున్న నవలలో ఇంకా పది పేజీలున్నాయి. నిజమే చెప్పాలి కదా, ఆ పది పేజీల కోసమే చేశాను. పుస్తకం మూసి, గొంతు తగ్గించి, అందరినీ దగ్గరికి పిలిచి చెప్పాను: "ఇదిగో వినండి. అమ్మోరు ఊరు దాటేముందు పిల్లల్ని ఒక్కొక్కరినే పేరు పెట్టి పిలుస్తుంది. మీ అమ్మ గొంతుతో పిలుస్తుంది. మీ అయ్య గొంతుతో పిలుస్తుంది. నా గొంతుతో కూడా పిలుస్తుంది. పలికినవాణ్ణి పట్టుకుపోతుంది. పలకనివాణ్ణి ఏమీ చెయ్యలేదు. పళ్ళేల చప్పుడు ఆగేదాకా మూల దూరి, మోకాళ్ళలో తల పెట్టుకుని, ఊపిరి కూడా గట్టిగా తియ్యకూడదు." గది నూతిలా నిశ్శబ్దమైపోయింది. నా మాటకి అంత బలం ఉందని అప్పుడే తెలిసింది. సంతోషించాను కూడా. నవల పూర్తయింది. చప్పుడు ఊరు దాటాక ఐదుగురు పిల్లలు బిలబిలా బయటికి పరుగెత్తారు. సిమ్మాద్రి గాదె వెనక మోకాళ్ళలో తల పెట్టుకుని అలాగే ఉన్నాడు. ఎత్తుకుని బయటికి తేవలసి వచ్చింది. "నాను పలకనేదు కదా అప్పా?" అని అడిగాడు. "మా బాబే, పలకలేదు" అని బెల్లం ముక్క చేతిలో పెట్టాను.

మూడు వారాల తరవాత, ఆకుమళ్ళు పోసే రోజుల్లో, ఒక మిట్టమధ్యాహ్నం నరసమ్మ జుట్టు విరబోసుకుని మా వాకిట్లోకి వచ్చి పడింది. కట్టెలకని అడివికి పోతూ పిల్లాణ్ణి వెంట తీసుకెళ్ళింది. నేరేడు చెట్టు కింద కూర్చోబెట్టి, రాలిన పళ్ళు ఏరుకోమని చెప్పి, కాస్త ఎగువకి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి చెట్టు కింద ఎవరూ లేరు. "మేస్టారూ, నా గుంటడు అవుపడ్నేదు బాబూ. అరిసి అరిసి గొంతు పోయినాది. పలకడు. ఏటి సేద్దును బాబూ!" అంటూ నేల మీద అరచేతులతో కొడుతోంది. గంటలో ఊరు కదిలింది. నారు పోస్తున్నవాళ్ళు బురద కాళ్ళతోనే వచ్చారు. మాల వీధి నుంచి డప్పులవాళ్ళొచ్చారు, చర్చిలో పాట నేర్చుకుంటున్న ఆడవాళ్ళు పాట ఆపి వచ్చారు. ఒకరి నూతి నీళ్ళు ఒకరు ముట్టుకోని మనుషులు ఆ రోజు ఒకే బిందెలోంచి దోసిళ్ళు పట్టారు. ఎన్ని ఆదివారాల చర్చలు చెయ్యని పని అది. ఆ మాట నాన్నే అన్నారు తరవాతెప్పుడో.

వెతికే పద్ధతి నాన్నది. మనిషికీ మనిషికీ పది అడుగుల ఎడంతో వరస కట్టాలి. ప్రతివాడి చేతిలో మోగేది ఏదో ఒకటి ఉండాలి. చప్పుడికి ఎలుగుబంట్లు, పందులు తొలగిపోతాయి, పిల్లాడికి జనం ఎటున్నారో తెలుస్తుంది. ఇరవై అడుగులు వేసి ఆగి అందరూ ఒక్కసారి పేరు పెట్టి పిలవాలి. మళ్ళీ ఇరవై అడుగులు. చీకటి పడేలోగా తిరిగొచ్చెయ్యాలి, ఎందుకంటే ఆ రోజుల్లో కొండల్లో అలజడిగా ఉండేది. కొండ దిగువన పోలీసుల డేరాలుండేవి. పొద్దు గూకాక అడివిలో వెలుతురు కనిపిస్తే ఎవరని అడిగే ఆచారం వాళ్ళకి లేదు. నాన్న బడి నల్లబల్ల మీద బొమ్మ గీసి మరీ చెప్పారు. ఆ లెక్కలో ఇప్పటికీ నేను తప్పు పట్టలేను. చప్పుడుంది, వరస ఉంది, అడుగులున్నాయి. పిల్లాడి బుర్రలో ఏముందో అది మాత్రం లెక్కలో లేదు. అది ఆయనకి తెలిసే వీలు లేదు. తెలిసినదాన్ని నేను, మామ్మ కంచుపళ్ళెమూ రోకలిబండ ముక్కా పట్టుకుని వరసలో నించున్నాను.

జీడితోట దాటి అడివిలో అడుగు పెట్టాక, నాలుగోసారో ఐదోసారో ఆగి "సిమ్మాద్రీ" అని అరిచినప్పుడు నా గొంతు నాకే వినిపించింది. నాతో పాటు నరసమ్మ గొంతు, వాడి తండ్రి అప్పన్న గొంతు. వెనక డప్పులు. ఆ డప్పులు కొడుతున్నది కూడా అనుపు నాడు కొట్టిన మనుషులే. నా చేతిలో పళ్ళెం కూడా అనుపు నాడు మోగిన పళ్ళెమే. మూడు వారాల కిందట అమ్మవారిని ఎక్కడికి తరిమామో ఇప్పుడు సరిగ్గా అక్కడే నించుని, అదే చప్పుడుతో, వాళ్ళమ్మ గొంతుతో, నా గొంతుతో వాణ్ణి పిలుస్తున్నాం. నా చెయ్యి ఆగిపోయింది. వరసలో పక్కనున్న ఒకామె "కొట్టు పాపా, ఏటి ఆగిపోనావు? సెయ్యి నొప్పెట్టినాదా?" అంది. నేను మళ్ళీ కొట్టాను. ఇదీ నా జీవితంలో నేను చేసిన పని. ఏమవుతుందో తెలియక చెప్పిన అబద్ధాన్ని క్షమించుకోగలను. తెలిశాక కొట్టిన ఆ దెబ్బల్ని మాత్రం ఇప్పటికీ గోడ మీద లెక్కపెట్టుకోవచ్చు.

పొద్దు గూకేసరికి అందరం ఖాళీ చేతులతో దిగి వచ్చాం. నాన్నకి చెప్పేద్దామనే వరండాలోకి వెళ్ళాను. అక్కడ అప్పటికే పెద్దలు చేరారు. సోదమ్మని పిలిపిద్దామంటున్నాడు కరణంగారి తమ్ముడు. అనుపు సరిగ్గా జరగలేదని, మేస్టారు ఆ సాయంత్రం లాంతరు పెట్టుకుని వెక్కిరించినందుకే అమ్మ పిల్లాణ్ణి తీసుకుపోయిందని అంటున్నాడు. "గుంటడు దొరికితే మీ మాట నెగ్గినట్టు, దొరక్కపోతే మా మాట నెగ్గినట్టు మేస్టారూ" అన్నాడు, ఏదో ఆదివారం చర్చలో పందెం వేస్తున్నట్టు. నాన్న గొంతు పెద్దది చేసి, ఈ ఊళ్ళో దెయ్యం పేరూ దేవత పేరూ చెప్పి పిల్లల్ని భయపెట్టేవాళ్ళు హంతకులన్నారు. నేను తలుపు పక్కన నించుని విన్నాను. అప్పుడు నోరు విప్పితే నాన్న అందరి ముందూ ఓడిపోతారు. ఆయన కూతురే ఓడించినట్టవుతుంది. అందుకని ఊరుకున్నానని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. అసలు కారణం చిన్నది: బెల్లం కాఫీ గ్లాసు పోతుందని.

రెండో రోజు వాన. వానలో డప్పులు మోగవు కనక డబ్బాలూ పళ్ళేలూ ఇంకా గట్టిగా బాదారు. ఒక బండ పక్కన నమిలి ఉమ్మిన నేరేడు గింజలు దొరికాయి. నరసమ్మ వాటిని ఏరి కొంగున ముడేసుకుంది. అవి దొరికిన చోట అందరం గుమిగూడి, ఒక అరగంట సేపు ఆగకుండా అరిచాం. నేనూ అరిచాను. "సిమ్మాద్రీ, నేనురా, ఇమలప్పని, నిజంగా నేనేరా" అని అరిచాను. అనగానే తెలిసింది, నా గొంతుతో పిలిచే అమ్మోరు కూడా సరిగ్గా అదే మాట అంటుంది కదా అని. వాడికి నేను నేర్పిన దాంట్లోంచి బయటపడే దారి నేనే ఉంచలేదు. ఎంత ప్రేమగా పిలిస్తే అంత అనుమానం వస్తుంది. ఎంత దగ్గరికి వెళ్తే అంత బిగుసుకుపోతాడు.

ఆ సాయంత్రం మామ్మకి చెప్పాను. పొయ్యి దగ్గర, ఏడుస్తూ, అంతా. మామ్మ విని పొయ్యిలో కట్టె వెనక్కి లాగింది. "ఓలమ్మా! అమ్మోరు మనిసి గొంతుతో పిలుస్తాదని నానెప్పుడు సెప్పేనే? బయటకి రావద్దన్న మాటొక్కటే మా అత్త నాకు సెప్పినాది, నాను నీకు సెప్పేను. నువ్వు కొత్తగా ఏటేటి కలిపీసేవు?" అంది. మూఢనమ్మకం అంతా మామ్మదని, తెలివంతా నాదని అప్పటిదాకా అనుకున్నాను. మామ్మ నోట్లో చుట్ట ఆరిపోయి ఉంది. అలా ఆరిపోగా నేను చూడడం అదే మొదటిసారి. "తెల్లారగానే మీ నాన్నకి సెప్పు. నాను సెప్పను. నీ నోటితో సేసినాది నీ నోటితోటే ఇప్పాల" అంది.

తెల్లారి చెప్పాను. నాన్న తుండుగుడ్డ భుజాన వేసుకుని బయలుదేరబోతున్నారు. కొడతారనుకున్నాను. గంట మోగించినట్టు ఆపేస్తారనుకున్నాను. పూర్తిగా విని, "మొన్న సాయంత్రం తెలుసా నీకు?" అని మాత్రం అడిగారు. తెలుసన్నాను. ఆయన కుర్చీలో కూర్చుండిపోయారు. కాసేపటికి లేచి వెళ్ళి, జీడితోట మొదట్లో జనాన్ని ఆపి, డప్పులూ డబ్బాలూ పళ్ళేలూ అక్కడే కుప్ప పెట్టించారు. ఎవరూ పిలవొద్దన్నారు. అడివిలో తలో చోటా పోయి, కదలకుండా కూర్చోమన్నారు. ఎందుకో చెప్పలేదు. "మేస్టారికి మతి పోయినాది" అని ఎవరో అన్నారు. "పోనీలే బావా, అరిసి అరిసి ఏటి సాధించేం? కూకుందాం" అన్నారు ఇంకెవరో. కూర్చున్నాం. వాన వెలిసి ఆకుల మీంచి చుక్కలు పడుతున్నాయి. నరసమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది, పిలవకుండా ఉండడానికి. అంత జనం, అంత నిశ్శబ్దం, నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు.

ఎండ నడినెత్తికి వస్తున్న వేళ కొండ వైపు నుంచి ఒక సవర తెగ ముసలామె దిగి వచ్చింది. నెత్తి మీద విస్తళ్ళు కుట్టే అడ్డాకుల మోపు, చంకలో సిమ్మాద్రి. ఆమె ఎప్పుడూ వచ్చే దారేనట, ఆకులు సంతలో ఇచ్చి ఉప్పు పట్టుకెళ్ళడానికి. రెండు రోజులు ఈ గోలకి బెదిరి దిగలేదట. ఇవాళ నిశ్శబ్దంగా ఉంటే దిగి, దారిలో బండల దగ్గర మోపు దించి, ఆకులు సర్దుకుంటూ తనలో తను ఏదో పాడుకుంటూ కూర్చుందట. రెండు బండల మధ్య సందులోంచి వీడు పాక్కుంటూ వచ్చి ఆమె కొంగు పట్టుకున్నాడు. ఇదంతా చేతులతో చూపించి చెప్పింది, ఆమెకి వచ్చిన తెలుగు మాటలు నాలుగే. "గోల ఆగినాది. గుంటడు వచ్చినాడు" అంది. మేము నేరేడు గింజల దగ్గర నించుని అరగంట సేపు అరిచిన చోటుకి ఆ బండలు యాభై గజాలు ఉండవు. ఆమె పేరు ఎవరూ అడగలేదు. నరసమ్మ పిల్లాణ్ణి లాక్కుని గుండెకి అదుముకుంటే జనమంతా అటు మళ్ళారు. తిరిగి చూసేసరికి ముసలామె మోపు ఎత్తుకుని వెళ్ళిపోయింది.

సిమ్మాద్రి ఒళ్ళు కాలిపోతోంది. కుడికాలు ముల్లు దిగి, నీళ్ళలో నాని, నల్లబడిపోయింది. ఒక చేత్తో ఇంకా లాగు పట్టుకునే ఉన్నాడు. వాళ్ళమ్మ భుజం మీంచి నన్ను చూశాడు. పెదాలు పగిలి మాట రావడం లేదు. అయినా అన్నాడు: "అప్పా, నాను పలకనేదు." బెల్లం ముక్క కోసం రెండో చెయ్యి చాపాడు.

ఆస్పత్రిలో కాలివేళ్ళు రెండు తీసేశారు. ఒక్క రోజు ముందు తెచ్చి ఉంటే ఆ వేళ్ళు ఉండేవని డాక్టరు నాన్నతో అంటూంటే నేను పక్కనే ఉన్నాను. నాన్న ఆ రహస్యం ఎవరికీ చెప్పలేదు. ఆదివారం చర్చలు మళ్ళీ మొదలయ్యాయి గాని, దెయ్యాల మీద చర్చ ఇంకెప్పుడూ పెట్టలేదు. ఒక్కసారే, కొన్నేళ్ళ తరవాత, నా మొదటి వ్యాసం పత్రికలో చదివి, "నమ్మి చెప్పేవాడిది అజ్ఞానం అని బాగానే రాశావు. నమ్మకుండా చెప్పేవాళ్ళది ఏమిటో కూడా రాయవలసింది" అన్నారు. అది ఇవాళ రాస్తున్నాను. చూడ్డానికి ఆయన లేరు.

ఊరు మాత్రం తన కథ తను రాసుకుంది. పేరు లేని ముసలామె, వచ్చింది, పిల్లాణ్ణి ఇచ్చింది, మాయమైంది. ఇంకెవరవుతుంది? నెల తిరక్కుండా ఆమె కొండమ్మ తల్లి అయిపోయింది. బండల దగ్గర రాయి నిలబెట్టారు, రాయికి గుడి వచ్చింది. కుప్పలో పడి ఉన్న మా పళ్ళెం మొక్కుబడిగా గుడికి చేరింది. ఆమె నోట్లో చుట్ట ఉండడం, మామ్మలాగే నిప్పు లోపలికి పెట్టుకోవడం నేను చూశాను. ఆ మాట చెప్తే, అమ్మ కూడా చుట్ట తాగుతుందన్నారు. ఇప్పుడు ఆ గుడికి పూజారి సిమ్మాద్రే.

పోయిన నెల నేను వెళ్ళింది అనుపు ముందు రోజు. రోగాలకి మందులొచ్చాక అనుపు ఒక పండగగా మిగిలింది. లౌడుస్పీకర్లున్నాయి, రంగు లైట్లున్నాయి. గుడి అరుగు మీద అరవై దాటిన సిమ్మాద్రి, కుడికాలు చాపుకుని, పది పన్నెండు మంది పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని చెప్తున్నాడు. నేను వెనకనుంచి విన్నాను. "ఒరే గుంటల్లారా, అమ్మ పేరెట్టి పిలుస్తాది. మీ యమ్మ గొంతుతో పిలుస్తాది. మీ యయ్య గొంతుతో పిలుస్తాది..." ఒక్క మాట పొల్లుపోలేదు. నేను ఎక్కడ గొంతు తగ్గించానో అక్కడే తగ్గించాడు. నేను రాసిన పుస్తకాల్లో ఒక్క వాక్యం ఎవరికైనా ఇలా నోటికొచ్చి ఉంటుందా అనుకున్నాను. ఇంతలో ముందు వరసలో ఒక గడుగ్గాయి లేచి, "తాతా, అమ్మోరు ఫోన్ సేస్తే ఎత్తొచ్చా?" అంది. పిల్లలంతా పొర్లి పొర్లి నవ్వారు. సిమ్మాద్రి నవ్వలేదు. కాసేపు ఆలోచించి, "ఎత్తకూడదు" అన్నాడు.

పిల్లలు వెళ్ళాక పక్కన కూర్చున్నాను. "సిమ్మాద్రీ, ఆ గొంతు మాట నేను కల్పించిందిరా. ఎవరూ చెప్పలేదు. నవల చదువుకోడానికి చెప్పాను" అన్నాను. యాభై ఐదేళ్ళకి పైగా మోసిన మాట, ఇంత చిన్నగా ఉందేమిటా అనిపించింది.

"తెలుసప్పా" అన్నాడు. "మామ్మ పోయేముందు సెప్పినాది."

"తెలిసీ పిల్లలకి చెప్తున్నావా?"

"నీ నోట ఎవులు పలికించేరు? నువ్వా మాట సెప్పకపోతే నాను కెవ్వుమందును. ఎలుగు అక్కడే ఉన్నాది. పలకనేదు కాబట్టి బతికేను."

"ఎలుగుబంటిని చూశావా?"

"సప్పుడు ఇన్నాను. ఆకులు నలుగుతన్న సప్పుడు."

"అది మేమురా. మా అడుగుల చప్పుడు."

"ఏమో. నువ్వున్నావేటి అక్కడ?"

"ఉన్నాను" అన్నాను. "యాభై గజాల్లో ఉన్నాను."

అతను తన కాలికేసి చూసుకున్నాడు. "నీ గొంతు ఇన్నాన్లే. అందరికన్నా నీదే దగ్గిరగా ఇనబడినాది. అందుకే మరీ లోనకి దూరిపోనాను" అన్నాడు. కోపం లేదు. ఎంత వెతికినా కోపం లేదు. కోపం ఉంటే వాదించడం నాకు తెలుసు.

ఊరు ఇప్పుడు మారిపోయింది. పిల్లాడు తప్పిపోతే ఫోన్లో ఫొటో నిమిషంలో జిల్లా అంతా తిరుగుతుంది, కుక్కలొస్తాయి, గాలిలో ఎగిరే కెమెరాలొస్తాయి. మూడు రోజులు నారు వదిలేసి వచ్చే ఊరు ఉంటుందో లేదో తెలియదు. ఇవన్నీ వచ్చినా, బండల మధ్య దూరి ఫోను ఎత్తకుండా కూర్చునే పిల్లని ఇవేవీ పలికించలేవు. ఆ గడుగ్గాయి రేపు ఎక్కడో తప్పిపోవచ్చు. అందుకని అడిగాను. వాదించలేదు, అడిగాను: "ఒక్క మాట కలుపు. అనుపు నాడు పలకొద్దు, సరే. మిగతా రోజుల్లో తప్పిపోతే మాత్రం ఎవరు పిలిచినా పలకమని చెప్పు. ఆ కథ నాది కదా, ఒక వాక్యం కలిపే హక్కు నాకు లేదా?"

సిమ్మాద్రి చాపిన కాలు ముడుచుకున్నాడు. "నీదయితే నువ్వు కలిపీవచ్చు. ఇప్పుడది అమ్మది అయిపోనాది. అమ్మని అడగాల" అని లేచాడు. కుంటుకుంటూ లోపలికి వెళ్ళి, తడి చేత్తో ఒక మందారపువ్వు తీసి, రాయి నెత్తి మీద పెట్టి, కుడివైపు రాలితే సెలవిచ్చినట్టని చెప్పి, చేతులు కట్టుకుని నించున్నాడు. నేను గుమ్మం ఇవతల మా పళ్ళెం కింద కూర్చున్నాను. పువ్వు బరువు ఎంత, రాయి వాలు ఎటు, తడి ఆరడానికి ఎంతసేపు పడుతుంది అని లెక్కలు వేస్తున్నాను. ఆ లెక్కల మధ్యలో, నాకు తెలియకుండానే, రాలమ్మా అనుకున్నాను.